కర్నూలుకి మరో షెల్టర్ కాదు, అద్దె గదులు కావాలి

ఎండలు ముదిరినప్పుడో, పేపర్లో లోపలి పేజీలో 'గుర్తు తెలియని వృద్ధుడి మృతి' అని నాలుగు లైన్లు పడినప్పుడో మా ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా ఒక మాటంటారు: "కార్పొరేషనోళ్లు ఇంకో షెల్టర్ కట్టల్లప్పా." అనేవాళ్లది మంచి మనసే. అయినా ఆ మాట వింటే నాకు చిరాకు. ఇల్లు లేనివాడికి కావాల్సింది ఇల్లు. పెద్ద హాలు, వరసగా మంచాలు, గోడకి నిబంధనల బోర్డు, పొద్దున్నే లేపే వాచ్‌మన్, వీటన్నిటినీ కలిపితే ఇల్లు అవ్వదు. మన సొంత విషయంలో ఈ తేడా మనకి బాగానే తెలుసు. చుట్టాలింటికి పెళ్లికి పోయి కళ్యాణమండపంలో రెండు రాత్రులు పడుకుంటే మూడో రోజుకి ఇంటిమీద బెంగ పెట్టుకుంటాం.

షెల్టర్ అక్కర్లేదని నేననడం లేదు. అర్ధరాత్రి బస్సు దిగి దిక్కు తోచని ఆడమనిషికి, వర్షం పడే రాత్రి ముసలాయనకి అది ప్రాణం నిలబెట్టే చోటు. ఆ ఏర్పాటు కూడా ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 2001లో మొదలైన ఆహార హక్కు కేసు నడుస్తుండగా, 2010 జనవరిలో ఢిల్లీ చలికి పేవ్‌మెంట్ల మీద మనుషులు చనిపోతున్నారని సుప్రీంకోర్టు దృష్టికి వస్తే, కోర్టు గట్టిగా పట్టుకుంది. అక్కడి నుంచి లక్ష జనాభాకి ఒక షెల్టర్ అనే లెక్క నగరాలకు వచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అదే లెక్కని పథకంగా మార్చింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలూ తెరిచి ఉండటం, అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం అని మార్గదర్శకాల్లో ఉంది. మన రాష్ట్రంలో ఆ పని మెప్మా (పట్టణాల్లో పేదరికం తగ్గించడానికి పెట్టిన ప్రభుత్వ సంస్థ), మున్సిపాలిటీలు చూస్తాయి. కర్నూలు 2011 జనాభా లెక్కల్లోనే నాలుగు లక్షలు దాటిన ఊరు.

కానీ ఆ లెక్క పుట్టింది ఉత్తరాది చలిలో. అందుకే అందరి బుర్రల్లో షెల్టర్ అంటే రాత్రి పడక. కర్నూల్లో మనుషుల్ని చంపేది రాత్రి కాదు, ఏప్రిల్, మే నెలల్లో పగలు పదకొండు నుంచి నాలుగున్నర దాకా. 43, 44 డిగ్రీల ఎండలో తలదాచుకునే చోటు లేకపోవడమే ఇక్కడ అసలు గండం. రూల్ బుక్కులో 24 గంటలని రాసి ఉన్నా 'నైట్ షెల్టర్' అనే పేరు జనం నోట్లో స్థిరపడిపోయింది. ఆ పేరుతోపాటు పొద్దున్నే ఖాళీ చేయించే అలవాటు కూడా చాలా ఊళ్లలో ఉండిపోయింది. పడుకోవడానికి చోటిచ్చి, పొద్దున టీ తాగించి, సరిగ్గా ఎండ మొదలయ్యే వేళకి బయటికి పంపడం రాయలసీమలో ఏం సాయమో నాకు అర్థం కాదు.

ఈ సంగతులు నాకెందుకంటే, నాది జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. ఆధార్ అప్‌డేట్ స్లాట్లు, పాన్ కార్డులు, రేషన్ కార్డు అప్లికేషన్లు, సదరం (వైకల్యం సర్టిఫికెట్) స్లాట్లు, పెన్షన్ స్టేటస్ చూడటం, కరెంటు బిల్లు కట్టడం. ఊళ్లో ఎవరికి ఏ కాగితం లేదో, ఏ కాగితం కోసం ఎన్నిసార్లు తిరుగుతున్నారో మాలాంటి షాపులవాళ్లకి తెలిసినంతగా ఆఫీసులకి కూడా తెలియదని నా గట్టి నమ్మకం. ఆఫీసుకి అప్లికేషన్ పెట్టినవాళ్లే కనిపిస్తారు. పెట్టలేక వెనక్కి పోయేవాళ్లు కనిపించేది మాకు.

ఇక ఆరుబయట పడుకునేవాళ్లంతా ఒకటే రకం అనుకోవడం ఇంకో పొరపాటు. కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లానుంచే కాదు, పాలమూరు, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులొస్తారు. వాళ్లతో వచ్చిన బంధువులు చుట్టుపక్కల ఎక్కడ నీడుంటే అక్కడ చాప పరుస్తారు. వాళ్లకి ఊళ్లో ఇల్లుంది. వాళ్లకి కావాల్సింది రోజుకి కొద్ది డబ్బుతో దొరికే డార్మిటరీ, స్నానాల గది. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు బిల్డింగు పనులకో పిల్లాజెల్లాతో పోతూ రైల్వే స్టేషన్‌లో ఒక రాత్రి ఆగేవాళ్లు వేరే. వాళ్ల సమస్య ఊళ్లో పని లేకపోవడం. వాళ్లకి షెల్టరూ వద్దు, నేను చెప్పబోయే గదీ వద్దు. వీళ్లందర్నీ పక్కన పెడితే మిగిలేవాళ్ల సంగతే ఈ వ్యాసం: కొడుకులు వదిలేసిన ముసలివాళ్లు, మతి స్థిమితం తప్పి ఏ ఊరినుంచో ఏ బస్సో ఎక్కి వచ్చేసినవాళ్లు, తాగుడుకి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు, కాలో చెయ్యో పోయి కూలికి పనికిరానివాళ్లు. ఏళ్ల తరబడి అదే అరుగు, అదే ఫ్లైఓవర్ కింద కనిపించేది వీళ్లే. సంఖ్య చూస్తే ఎక్కువ కాదు. నాలాంటివాళ్లకి ముఖాలు గుర్తుపట్టేంత తక్కువ.

దేశం మొత్తానికి ఉన్న లెక్క 2011 నాటిదే. ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు ఊరూరా తిరిగి, రోడ్డు పక్కన, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, పెద్ద పైపుల్లో పడుకున్నవాళ్లని లెక్కపెట్టారు. 17.73 లక్షలు తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షలు. ఒక్క రాత్రి లెక్కకి దొరకనివాళ్లు ఎందరో ఎవరికి తెలుసు. అయినా ఆ ఒక్క రాత్రి ప్రభుత్వం మనిషి దగ్గరికి తనే నడిచి వెళ్లింది. నా వాదనకి ఇది ముఖ్యం, మళ్లీ వస్తాను.

మా షాపుకి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆలూరు పక్క పల్లె. చాలా ఏళ్లు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాలు మోసిన హమాలీ. నడుం పోయాక పని పోయింది, భార్య పోయాక ఊరు పోయింది. బస్టాండు వైపు ఎక్కడో పడుకునేవాడు. వృద్ధాప్య పెన్షన్ పెట్టించమని వచ్చాడు. 60 దాటినవాళ్లకి ఇప్పుడు నెలకి 4,000 రూపాయలు. ఆధార్ కార్డు ఉంది, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్నాడు. దాంట్లో అడ్రసు పల్లెది. ఆ ఇల్లు కూలిపోయింది. అడ్రసు మార్చాలంటే కొత్త అడ్రసుకి రుజువు కావాలి.

"ఇప్పుడు యాడుంటాండావు తాతా?" అనడిగాను, ఫారంలో నింపాలి కాబట్టి.

"యాడని చెప్పేది నాయనా? నిన్న ఒక తాన, ఈ పొద్దు ఒక తాన."

సరే, ముందు ఉన్న అడ్రసుతోనే చూద్దామని ఆధార్ నంబర్ కొడితే ఓటీపీ ఎవరికో పోయింది. ఎప్పుడో కొడుకు తన ఫోన్ నంబర్ ఇచ్చి ఉంటాడు, ఆ కొడుకు ఇప్పుడు ఆ నంబరే వాడటం లేదు. వేలిముద్ర పెట్టిద్దామంటే, బస్తాలు మోసి మోసి వేళ్లమీద గీతలే లేవు. ఎలాగో కంటిపాపతో పని జరిగి రికార్డు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆయన కొడుకు కుటుంబంలోనే ఉన్నాడు, అంటే ఎవరు ఏ ఇంటివాళ్లో సచివాలయం రాసుకున్న లెక్కలో ఇద్దరిదీ ఒకే కుటుంబం. కొడుకు బెంగళూరులో ఉంటాడు, పేరుమీద కారుంది. మన దగ్గర పథకాలకి ఆరంచెల తనిఖీ ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా నాలుగు చక్రాల బండి, 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, ఇన్‌కం ట్యాక్స్, ప్రభుత్వ ఉద్యోగం, ఇలాంటివి ఏదున్నా కుటుంబం మొత్తం అనర్హం. అంటే కొడుకు కారు తండ్రి పెన్షన్‌ని ఆపేసింది. ఆ కారులో ఆ తండ్రి ఒక్కసారన్నా కూర్చున్నాడో లేదో.

మ్యాపింగ్‌లో విడగొట్టమని ఒక సచివాలయానికి పంపాను. పెళ్లి, విడాకులు, చావు లాంటి కారణాలుంటే విడదీస్తాం గానీ కొడుకు వదిలేశాడనే ఆప్షన్ మా లాగిన్‌లో లేదన్నారు. అక్కడ కూర్చున్న పిల్లది తప్పేం లేదు. స్క్రీన్ మీద లేనిది ఆమె మాత్రం ఎలా నొక్కుతుంది? రేషన్ కార్డు వేరే చేయించుకుంటే అవుతుందేమో చూడమని ఎవరో చెప్పారు. దానికి నివాసం రుజువు కావాలి. నివాసానికి ఇంటి ఓనరు దగ్గర్నుంచి ఏదో ఒక కాగితం కావాలి. ఓనరు ఉండాలంటే ఇల్లుండాలి. ఇల్లుకి అద్దె కట్టాలంటే పెన్షన్ రావాలి. గానుగెద్దులా ఆ చుట్టే తిరిగి తిరిగి ఆయన షాపుకి రావడం మానేశాడు. తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు.

ఆధార్ నిబంధనల్లో గుర్తింపు పొందిన వసతి గృహం సూపరింటెండెంట్ ఇచ్చే సర్టిఫికెట్‌ని అడ్రసు రుజువుగా తీసుకునే వీలుంది. అంటే దారి లేకపోలేదు. ఆ దారి ఉందని ఆయనకి చెప్పేవాళ్లు, ఆయన చెయ్యి పట్టుకుని షెల్టర్‌కి తీసుకెళ్లి, అక్కడి మేనేజరుతో రాయించి, ఆధార్ సెంటర్‌కి, అక్కణ్నుంచి సచివాలయానికి, అక్కణ్నుంచి బ్యాంకుకి తిప్పేవాళ్లు లేరు. నేను తిప్పలేదా అంటే, షాపు మూసి ఎన్ని రోజులు తిరగ్గలను? ఇది ఒక ఉద్యోగం. జీతం ఇచ్చి చేయించాల్సిన పని. మంచి మనసున్నవాళ్ల తీరిక మీద వదిలేసే పని కాదు.

ఇప్పుడు ఎన్నికల సంఘం సంగతి చూడండి. ఇల్లు లేనివాళ్లు ఓటరుగా పేరు నమోదు చేసుకోవడానికి ఫారం 6 పెట్టుకుంటే, అడ్రసు రుజువు కాగితం అడక్కూడదని నిబంధన. బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట ఆ చోటుకి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రి చూసి సరిపెట్టకూడదు, ఒకటికి మించి రాత్రులు చూడాలి. చూశాక అదే రుజువు. ఎంత సింపుల్! ఓటు కోసం ప్రభుత్వం మనిషి పడుకునే చోటికి నడిచొస్తుంది, జనాభా లెక్క కోసం నడిచొస్తుంది. పెన్షన్ కోసం, రేషన్ కోసం, మందుల కోసం మాత్రం ఆ మనిషే అన్ని గుమ్మాలూ ఎక్కి దిగాలి. మన రాష్ట్రంలో ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వెళ్లి పెన్షన్ చేతికిస్తారు. దేశంలో ఎంతోమంది చెప్పుకునే ఏర్పాటది. ఇంటింటికీ అన్నమాటలోనే ఇల్లు లేనివాడు జారిపోయాడు. పైగా వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస పోయాడని ఆపేస్తారు.

డబ్బు లేక ఇదంతా జరగడం లేదనుకుంటే అది తప్పు. వేలిమీద లెక్క చెప్తాను. ముగ్గురు ముసలాళ్లకి తలా 4,000 పెన్షన్ వస్తే నెలకి 12,000. మానసిక జబ్బు మీద సదరం సర్టిఫికెట్ ఉన్న మనిషికి దివ్యాంగుల పెన్షన్ 6,000. కల్లూరు వైపో, ఊరి చివర కాలనీల్లోనో రెండు గదుల పోర్షన్ నేను విచారించినంతలో ఐదారు వేలకి దొరుకుతుంది. అన్న క్యాంటీన్‌లో పూట భోజనం 5 రూపాయలు, మూడు పూటలూ అక్కడే తిన్నా రోజుకి 15. టీబీ ఉన్నవాళ్లకి చికిత్స సాగినంత కాలం నెలకి 1,000 రూపాయలు పోషణ కోసం కేంద్రం ఇస్తుంది, బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ముగ్గురు కలిసి ఉండే ఇంటికి అద్దె, తిండి, కరెంటు, సబ్బులు, బీడీలతో సహా ప్రభుత్వం ఇప్పటికే ఒప్పుకున్న డబ్బుతో గడిచిపోతాయి. కొత్త పెన్షన్ల మంజూరు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు ఆపుతారు అనేది వేరే పంచాయితీ, దాని మీద రాస్తే ఇంకో వ్యాసం. కొత్తగా కావాల్సింది రెండే ఖర్చులు: కాగితాలు వచ్చేదాకా మొదటి ఆరు నెలల అద్దె, తిప్పే మనిషి జీతం.

ఇక్కడే నాకూ, మంచి మనసున్న మిత్రులకీ గొడవ. వాళ్ల వరస ఇది: ముందు షెల్టర్‌కి రావాలి, తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, ఏదో పనిలో కుదురుకోవాలి, అప్పుడు ఇంటి సంగతి. ఈ వరస మనకే కాదు, అమెరికా, యూరప్‌లోనూ చాలాకాలం ఇదే. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు దీన్ని తిరగేశాడు. ముందు తాళంచెవి చేతికిచ్చి, డాక్టరు, నర్సు, కౌన్సెలర్ ఆ ఇంటికే వెళ్లేలా చేశాడు. షరతులు లేవు, మామూలు అద్దెదారుడికి ఉండేవే ఉంటాయి. ఇది నిజంగా పనిచేస్తుందా అని కెనడావాళ్లు 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, మానసిక జబ్బుతో రోడ్డున పడ్డ రెండు వేల మందికి పైగా మనుషులతో పరీక్ష పెట్టారు. చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ముందే ఇల్లు, సాయం. ఇంకో గుంపుకి మామూలుగా ఊళ్లో దొరికే సేవలు. చివరి ఆరు నెలల్లో పూర్తిగా ఇంట్లోనే ఉన్నవాళ్లు మొదటి గుంపులో 62 శాతం, రెండో గుంపులో 31 శాతం.

ఫిన్లాండ్ అయితే 2008 నుంచి దీన్ని దేశం పద్ధతిగా పెట్టుకుంది. హెల్సింకిలో 250 పడకల పెద్ద షెల్టర్‌ని మూసి, లోపల గోడలు మార్చి 80 దాకా చిన్న ఫ్లాట్లుగా చేశారు. పడకలు తగ్గాయి, తాళంచెవులు వచ్చాయి. 1980ల చివర్లో 18 వేలు దాటిన ఇల్లు లేనివాళ్ల సంఖ్య 2022 నాటికి నాలుగు వేల లోపుకి దిగింది. 2024లో మళ్లీ కొంచెం పెరిగింది, అక్కడా సంక్షేమం డబ్బు కోతలున్నాయి. అది చిన్న, డబ్బున్న దేశం, మనకి పోలికేంటి అంటారా? పోలిక డబ్బులో వెతకొద్దు. వరసలో వెతకండి.

అంత దూరం అక్కర్లేదంటే చెన్నై చాలు. 1993లో వందన గోపీకుమార్, వైష్ణవి జయకుమార్ మొదలుపెట్టిన ది బాన్యన్, రోడ్లమీద తిరిగే మతి చెడిన ఆడవాళ్లకి ఆశ్రయం ఇచ్చే సంస్థ. చాలామంది కోలుకుని ఇళ్లకి వెళ్లేవాళ్లు. కొందరికి వెళ్లడానికి ఇల్లే ఉండేది కాదు, సంస్థలోనే ఏళ్లకేళ్లు గడిచిపోయేవి. అప్పుడు 'హోమ్ అగెయిన్' అని ఒక పని చేశారు. మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకి తీసుకుని, నలుగురైదుగురు కలిసి ఉండేలా పెట్టారు. పక్కన తోడుగా ఒక సహాయకురాలు. ఏం వండుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి, ఏ చీర కట్టుకోవాలి అనేది వాళ్ల ఇష్టం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ఆరోగ్య సేవల మీద ఇచ్చిన మార్గదర్శకంలో, ప్రపంచంలో మంచి నమూనాల్లో ఒకటిగా దీన్ని చూపించింది. చెన్నై మనకి ఒక రాత్రి బస్సు దూరం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ తోడుతో కూడిన నివాసాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వం పని అంటుంది. 19వ సెక్షన్ ప్రకారం, కుటుంబం లేదన్న కారణంతో, ఇల్లు లేదన్న కారణంతో మనిషిని మెంటల్ హాస్పిటల్లోనే ఉంచకూడదు. 100వ సెక్షన్ ప్రకారం తిరుగుతున్న మానసిక రోగి కనిపిస్తే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్యశాలకి చేర్చాలి. 98వ సెక్షన్ డిశ్చార్జి చేసేటప్పుడు తర్వాతి వైద్యం, సేవలు ఎలా అందుతాయో ముందే ఆలోచించి చేయమంటుంది. కాగితం మీద ఒక్క లోటు కనపడదు.

నేను చూసిన డిశ్చార్జి వేరు. కాలు విరిగిన ఒక ఆడమనిషి, తనలో తాను మాట్లాడుకునే మనిషి. ఒక ఆసుపత్రిలో కట్టు బాగానే కట్టారు, మందులు ఉచితంగానే ఇచ్చారు. రెండు వారాల తర్వాత రమ్మని చీటీ రాశారు. చీటీలో అడ్రసు గడి ఖాళీ. మర్నాడు పొద్దున ఆమె అదే చీటీతో, అదే కట్టుతో మా షాపు మెట్ల మీద ఉంది. కట్టు తడవకూడదని రాసుంది, ఆ సాయంత్రం వాన పడింది. ఆర్థోపెడిక్ వాళ్లు వాళ్ల పని చేశారు. సైకియాట్రీకి ఎవరూ చెప్పలేదు. షెల్టర్ వాళ్లని అడిగితే నడవలేని మనిషిని, మందులు ఇచ్చే మనిషి లేకుండా మేమెలా పెట్టుకుంటామన్నారు, వాళ్లన్నదీ నిజమే. ఎవరి గుమ్మంలో వాళ్లు సక్రమంగానే ఉన్నారు, ఆమె మాత్రం అన్ని గుమ్మాలకీ బయటే ఉంది.

సమన్వయం అనగానే మనవాళ్లు కమిటీ వేస్తారు. కలెక్టరు చైర్మన్, పన్నెండు శాఖల అధికారులు సభ్యులు, మూడు నెలలకోసారి మీటింగు, మిక్చరు, టీ. నాకు ఆ కమిటీ వద్దు. నాకు కావాల్సింది ఒక మనిషి. ఇరవై మందికి మించకుండా ఒక్కో మనిషి. ఆ ఇరవై మంది పేర్లు, ఎక్కడ పడుకుంటారు, ఏం జబ్బు, ఏ కాగితం ఎక్కడ ఆగింది, అన్నీ ఒకే నోటుబుక్కులో. ఆసుపత్రిలో అడ్రసు గడి ఖాళీగా ఉన్న ప్రతి డిశ్చార్జికి ముందు ఆ మనిషికి ఫోన్ పోవాలి. సచివాలయంలో ఆ మనిషి సంతకం చెల్లాలి, బూత్ లెవెల్ ఆఫీసరు కళ్లతో చూసింది రుజువుగా చెల్లినట్టే. పోలీసులు రాత్రి ఎవరినైనా తీసుకొస్తే ఆ మనిషిని లేపాలి. మెప్మా పొదుపు సంఘాల్లో ఇలాంటి పని చేయగల ఆడవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఎవరింట్లో ఏముందో తెలుసుకోవడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. నేను దెప్పుతున్నానని అనుకోకండి, ఇది మెచ్చుకోలే.

"తాగుబోతుకి ఇల్లా?" అని మా బావమరిది అడిగాడు. ఇల్లు ఇస్తే తాగుడు మానతాడని నేను చెప్పను. కెనడా పరీక్షలో కూడా తాగుడు, మత్తు విషయంలో రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. ఇల్లిచ్చిన చోట మనిషి ఇంట్లో ఉన్నాడు, అంతే. సొంత ఇళ్లలో కూర్చుని తాగేవాళ్లని మనం ఇల్లు ఖాళీ చేయించడం లేదు కదా. రెండో ప్రశ్న ఇంకా న్యాయమైనది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బేల్దారి పని చేసి నెలకి ఐదు వేలు అద్దె కట్టే మనిషి, 'నాకు లేనిది వాళ్లకెందుకు' అని అడిగితే? నిజమే. ఆయనకి కూడా ఇవ్వాలి, ఆయన పేరున కాలనీ ఇంటి పట్టానో, ప్రభుత్వం కట్టే టిడ్కో ఫ్లాటో ఎప్పుడో రావాల్సింది. కానీ ఆయనకి అప్లికేషన్ పెట్టడానికి కావాల్సిన కాగితాలున్నాయి, పెట్టగల ఒంట్లో శక్తి ఉంది. నేను మాట్లాడుతున్నవాళ్లు 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా ఇళ్ల పట్టాలు పంచినప్పుడు ఏ జాబితాలోనూ లేరు. రేషన్ కార్డు లేనివాళ్లు ఆ లైనులోకే రాలేరు.

జగన్నాథగట్టు టిడ్కో ఇళ్లలో ఒక బ్లాకు వీళ్లకిచ్చేస్తే సరిపోతుంది కదా అని ఇంకొందరంటారు. రాష్ట్రంలో టిడ్కో ఇళ్లు ఏళ్ల తరబడి అప్పగించకుండా పడి ఉండటం చూసినవాళ్లకి ఆ ఆలోచన రావడం సహజం. నాకు రెండు భయాలు. గట్టు ఊరికి దూరం. కూలీల అడ్డాకి, ఆసుపత్రికి, తెలిసిన టీ బంకుకి రోజూ ఆటో ఖర్చు పెట్టుకోలేక నెలకల్లా మళ్లీ పాత అరుగు మీదికే వస్తారు. రెండోది, మతి బాగాలేనివాళ్లనీ, ఎవరూ లేనివాళ్లనీ ఒకే బ్లాకులో కుక్కితే వారానికల్లా దానికొక పేరు పెడతారు. ఆ పేరేంటో నేను రాయక్కర్లేదు. ఊరి బయట, ఎవరి కంటా పడకుండా దాచిన చోట్ల ఏం జరుగుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో చూశాం. గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. వీధికొక ఇల్లు చొప్పున ఊరంతా కలిసిపోవాలి. పక్కింటావిడ చూస్తుండాలి, తిడుతుండాలి, పండక్కి ఓలిగ పంపాలి.

కర్నూలు ఊరికి ఇల్లు లేకపోవడం అంటే తెలియక కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చిన రోజు బంగళాలవాళ్లూ, గుడిసెలవాళ్లూ ఒకే డాబా మీద ఉన్నారు. నీళ్లు దిగాక ఊరు ఊరంతా బురదలో కాగితాలు వెతుక్కుంది. ఆ రోజుల్లో అన్నం పొట్లం ఇచ్చినవాళ్లు ఎవరినీ నివాసం రుజువు అడగలేదు. ఆధార్ అయితే అప్పటికి పుట్టనే లేదు.

చివరికి అన్నిటికంటే కష్టమైన సంగతి అద్దె ఇల్లు దొరకడమే. ఒంటరి మగవాడంటేనే మన ఊళ్లో ఇల్లివ్వరు. కులం అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. మతి బాగాలేదంటే గేటు కూడా తియ్యరు. నేను ఇద్దరు ముగ్గురు ఓనర్లతో మాట్లాడాను. ఒకాయన మాత్రం సూటిగా చెప్పాడు: "మనుషులెవరైనా నాకు పర్లేదన్నా. రేపు గొడవైతే, అద్దె ఆగితే, ఎవరన్నా చచ్చిపోతే నేనెవరిని పట్టుకోవల్ల? సంతకం ఎవరిది?" ఆయనడిగింది న్యాయం. చెన్నైలో ఆ సంతకం సంస్థది. ఇక్కడ అది కార్పొరేషన్‌ది కావాలి, లేకపోతే మెప్మాది. వాళ్లే అద్దెదారు, వాళ్లే అడ్వాన్సు కట్టాలి, గొడవైతే వాళ్ల మనిషే ముందు రావాలి. కొత్త జీవో కోసం ఆగకుండా ముందు మూడు ఇళ్లతో మొదలుపెట్టొచ్చు. పదకొండు నెలల అగ్రిమెంటు, వంద రూపాయల స్టాంపు పేపరు. ఫార్మాట్ మా షాపు కంప్యూటర్లో రెడీగా ఉంది, అద్దెదారు పేరు దగ్గర ఖాళీ వదిలి పెట్టాను. కమిషనరు గారి ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ప్రింటు ఫ్రీ.